గేటు బయట ఫోన్: బడి నిషేధాల చరిత్ర

బడిలో ఫోన్ ఉండాలా వద్దా అన్న గొడవ స్మార్ట్‌ఫోన్‌తోనే మొదలైందని చాలామంది అనుకుంటారు. మొదటి చట్టాలు వచ్చేనాటికి పిల్లల జేబుల్లో ఉన్నది పేజర్. 1980ల చివర్లో అమెరికా నగరాల్లో మత్తుమందుల చిల్లర బేరం జోరుగా సాగుతుండేది. సరుకు చేరవేసే కుర్రాళ్లను పేజర్ మీద పిలుస్తున్నారని పోలీసులు గోల పెట్టారు. 1989లో మేరీలాండ్ రాష్ట్రం బడి ఆవరణలోకి పేజర్లనూ సెల్‌ఫోన్లనూ తేకూడదని చట్టం చేసింది. మరికొన్ని రాష్ట్రాలు కూడా ఇంచుమించు అదే పని చేశాయి. పేజర్ డాక్టర్ దగ్గర ఉండాలి, లేదంటే మత్తుమందులు అమ్మేవాడి దగ్గర ఉండాలి, పదో తరగతి పిల్లాడికి దానితో ఏం పని? ఆనాటి పెద్దల వాదన ఇంతే. చదువు పాడవుతుందన్న మాట అప్పటికింకా పెద్దగా వినిపించలేదు.

ఆ చట్టాలకు గండి కొట్టింది తల్లిదండ్రులే. 1999 ఏప్రిల్‌లో కొలరాడోలోని కొలంబైన్ హైస్కూల్లో కాల్పులు జరిగాయి. లోపల చిక్కుకున్న పిల్లలు సెల్‌ఫోన్ల నుంచి బయటివాళ్లకు కబురు చేశారు. 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్‌లో జంట టవర్లు కూలినప్పుడు, వాటికి కొద్ది వీధుల దూరంలోనే స్టైవెసంట్ వంటి పెద్ద హైస్కూళ్లు నడుస్తున్నాయి. తమ బిడ్డ ఎక్కడుందో తెలియక ఆ రోజంతా అల్లాడిన తల్లికి పేజర్ చట్టం గురించి చెప్పి ఒప్పించగలిగేదెవరు? కాలిఫోర్నియా 2002లో పాత నిషేధాన్ని ఎత్తేసి, నిర్ణయాన్ని స్థానిక బడి బోర్డులకు వదిలేసింది. మరికొన్ని రాష్ట్రాలూ ఒక్కొక్కటిగా సడలించాయి.

న్యూయార్క్ నగరం మాత్రం ఎదురు దారి పట్టింది. దాని కథ కాస్త తీరిగ్గా చెప్పుకోవాలి. అక్కడ 1988 నుంచే పేజర్ల మీద నియమం ఉన్నా దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. 2006లో మేయర్ బ్లూమ్‌బర్గ్, బడుల చాన్సలర్ జోయెల్ క్లైన్ ఆ నియమం దుమ్ము దులిపారు. ఆయుధాల కోసమని ముందుగా చెప్పకుండా బడులకు మెటల్ డిటెక్టర్లు పంపితే వాటిలో కుప్పలుగా దొరికినవి ఫోన్లు. తల్లిదండ్రులు కోర్టుకెక్కి ఓడిపోయారు. అప్పుడు పుట్టుకొచ్చింది ఓ కొత్త వ్యాపారం. పొద్దున్నే బడి ముందు వ్యాన్ వచ్చి ఆగుతుంది. పిల్లలు వరుసలో నిలబడి ఒక డాలరు, ఫోను లోపలికిచ్చి చీటీ తీసుకుంటారు. సాయంత్రం చీటీ చూపించి ఫోన్ వెనక్కి తీసుకుంటారు. రోజుకో డాలరే కదా అనిపిస్తుంది. నగరం మొత్తం మీద పిల్లలు ఇలా ఏడాదికి 40 లక్షల డాలర్ల పైచిలుకు కట్టేవారని అప్పటి పత్రికలు లెక్కగట్టాయి. 2012లో నగరంలోని బ్రాంక్స్‌లో దొంగలు ఏకంగా ఒక వ్యాన్‌నే దోచుకుని వందలాది ఫోన్లు ఎత్తుకుపోయారు.

ఇందులో అసలు అన్యాయం దొంగతనం కాదు. మెటల్ డిటెక్టర్లు శాశ్వతంగా ఉన్నవి ఎక్కువగా పేద పేటల్లోని, నల్లజాతి, లాటినో పిల్లలు చదివే బడులు. డాలరు కట్టింది వాళ్లే. డిటెక్టర్ లేని మంచి పేరున్న బడుల్లో పిల్లలు ఫోన్ సంచిలో వేసుకుని దర్జాగా వెళ్లేవారు, టీచర్లు చూసీ చూడనట్టు ఊరుకునేవారు. 2015లో నిషేధం ఎత్తేసిన మేయర్ డి బ్లాసియో కొడుకు కూడా అలా ఫోన్ పట్టుకెళ్లినవాడే. పుస్తకంలో నియమం ఒకటే అయినా, దాని బరువు ఎవరి మీద పడుతుందన్నది గేటు దగ్గర ఉన్న యంత్రాన్ని బట్టి తేలింది. ఆ తర్వాత ఏ దేశంలో నిషేధం గురించి చదివినా నా కళ్లు ముందు వెతికేది ఈ సంగతినే.

మన దేశంలో మొబైల్ మాట 1995 జులై 31న మొదలైంది. కలకత్తా నుంచి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు, ఢిల్లీలో ఉన్న కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. బడి పిల్లల చేతికి అది చేరడానికి ఇంకో పదేళ్లు పట్టింది. ఇక్కడ పెద్దలను ముందు భయపెట్టింది కెమెరా. 2004లో ఢిల్లీలో విద్యార్థుల వీడియో ఒకటి ఫోన్ నుంచి ఫోన్‌కు పాకి దేశమంతా రచ్చయ్యాక, ప్రైవేటు బడులు కెమెరా ఫోన్ల మీద విరుచుకుపడ్డాయి. 2009లో సీబీఎస్ఈ తన పరిధిలోని బడులకు ఫోన్ల మీద ఆంక్షలు పెడుతూ సర్క్యులర్ పంపింది. అప్పటికి చాలా ఇళ్లలో ఉన్నది పాముల ఆట ఆడుకునే నోకియా ఫోన్. అందువల్ల ఆ సర్క్యులర్ తెలుగు పల్లెల్లో ఎవరికీ పెద్దగా గుర్తున్నట్టు లేదు.

కాపీల భయం కూడా ఇక్కడ గట్టిదే. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో, 2023 ఏప్రిల్‌లో తెలంగాణలో పదో తరగతి ప్రశ్నపత్రాలు పరీక్ష నడుస్తుండగానే వాట్సాప్‌లో ప్రత్యక్షమయ్యాయి. తెలంగాణలోని తాండూరులో తెలుగు పేపర్ పరీక్ష మొదలైన కొద్ది నిమిషాలకే బయటికొచ్చేసింది. ఆ ఫొటో తీసింది విద్యార్థి కాదు, పరీక్ష విధుల్లో ఉన్న మనిషి. తర్వాత పరీక్ష కేంద్రాలు నో ఫోన్ జోన్లయ్యాయి. సోదాలు మాత్రం ఇప్పటికీ పిల్లలకే ఎక్కువ జరుగుతాయి.

అన్నిటికన్నా కఠినమైన ఫోన్ నిషేధం మన దగ్గర ఏ జీవో లేకుండానే నడుస్తోంది. కార్పొరేట్ జూనియర్ కాలేజీల హాస్టళ్లలో ఇంటర్ పిల్లలకు సొంత ఫోన్ ఉండదు. వార్డెన్ అనుమతిస్తే, ఆయన ఎదుటే నాలుగు మాటలు. పొద్దున స్టడీ అవర్ నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా ఫోన్ ముఖం చూడని ఆ పిల్లలు హాయిగా ఉన్నారా? విద్యార్థుల ఆత్మహత్యల మీద ఉమ్మడి రాష్ట్రంలో 2001లో నీరదా రెడ్డి కమిటీ వేయాల్సి వచ్చింది. 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చక్రపాణి కమిటీని వేసింది. మొదటిది వేసేనాటికి పిల్లల చేతికి స్మార్ట్‌ఫోన్ రానే లేదు. ఫోన్ తీసేస్తే పిల్లల మనసు కుదుటపడుతుందని చెప్పేవాళ్లు హైదరాబాద్ మియాపూర్ నుంచి విజయవాడ బెంజ్ సర్కిల్ దాకా ఉన్న ఆ హాస్టళ్లను ఒకసారి చూసి మాట్లాడితే బాగుంటుంది.

స్మార్ట్‌ఫోన్ మీద దేశవ్యాప్త చట్టాలకు ఊపు ఇచ్చింది ఫ్రాన్స్. పాఠం జరిగే వేళ ఫోన్ వాడరాదని 2010లోనే చట్టం చేసుకున్న ఆ దేశం, 2018 ఆగస్టులో పదిహేనేళ్ల దాకా ఉండే పిల్లల బడుల్లో విరామ వేళల్లోనూ ఫోన్ వాడకూడదంది. అది అధ్యక్షుడు మాక్రాన్ ఎన్నికల హామీ. దానికి ముందే, 2015లో, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ నుంచి బెలండ్, మర్ఫీల పరిశోధన వచ్చింది. నాలుగు ఆంగ్ల నగరాల్లోని 91 బడుల మార్కులు చూసి, ఫోన్ నిషేధించిన చోట వెనుకబడిన పిల్లలు బాగా లాభపడ్డారని, ముందున్నవాళ్లకు పెద్ద తేడా లేదని వాళ్లు తేల్చారు. నిషేధవాదులకు ఇప్పటికీ ఇదే బ్రహ్మాస్త్రం. అయితే ఆ లెక్కల్లో చాలా భాగం పిల్లల చేతుల్లో స్మార్ట్‌ఫోన్ లేని, ఎస్ఎంఎస్‌లు నడిచిన కాలానివి. స్వీడన్‌లో ఇదే పద్ధతిలో చూస్తే అలాంటి ఫలితం కనిపించలేదు. నార్వేలో 2024లో వచ్చిన పరిశోధన, నిషేధం తర్వాత ఆడపిల్లలు మానసిక సమస్యలకు చికిత్స కోసం వెళ్లడం తగ్గిందని, వేధింపులు కూడా తగ్గాయని చెప్పింది. ఎవరికి కావలసింది వాళ్లు ఏరుకోవచ్చు.

ఈ నిషేధాల ప్రవాహానికి కోవిడ్ అడ్డం పడింది. 2020 మార్చిలో బడులు మూతపడగానే, నిన్నటిదాకా ఫోన్ ముట్టుకుంటే తిట్టిన నాన్న అప్పు చేసి ఫోన్ కొన్నాడు. తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ పాఠాలు ఉన్నా, టీచర్ పెట్టే వర్క్‌షీట్ వచ్చేది వాట్సాప్‌కే. పల్లె పిల్లల చదువుల మీద జరిగే అసర్ సర్వేల్లో గ్రామీణ భారతంలో స్మార్ట్‌ఫోన్ ఉన్న ఇళ్లు 2018లో 36 శాతం, 2022లో దాదాపు 75 శాతం. పిల్లల చేతికి ఫోన్ ఇచ్చింది వ్యసనం కాదు, విద్యాశాఖ. ఆ మాట ఇప్పుడెవరూ గుర్తు చేయరు.

2023 జులైలో యునెస్కో ప్రపంచ విద్యా నివేదిక, పాఠం మధ్యలో ఒకసారి దృష్టి చెదిరితే తిరిగి కుదురుకోవడానికి 20 నిమిషాల దాకా పట్టవచ్చని హెచ్చరించింది. ఆ తర్వాతి నెలలోనే, ఆగస్టు చివర్లో, ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖ ఆ నివేదికనే చూపిస్తూ బడుల్లో ఫోన్లు నిషేధించింది. విద్యార్థులు అసలు తేకూడదు. టీచర్లు తరగతి గదిలోకి తీసుకెళ్లకూడదు, పొద్దున్నే హెడ్మాస్టరుకు అప్పగించాలి. మళ్లీ మళ్లీ తప్పితే సర్వీస్ రిజిస్టర్‌కు ఎక్కుతుంది.

ఇంతవరకు బాగానే ఉంది. కానీ అదే టీచరు రోజు ఎలా గడుస్తుందో చూడండి. 2022 ఆగస్టు నుంచి ఆయన హాజరు ముఖ గుర్తింపు యాప్‌లో పడాలి, అదీ సొంత ఫోన్‌లో, సొంత డేటాతో. ఉదయం తొమ్మిది దాటితే గుండె దడ. సిగ్నల్ లేని ఊళ్లో గోడెక్కి, వేపచెట్టు కిందికెళ్లి ఫోన్ పైకెత్తి ముఖం చూపించాలి. అప్పట్లో వీటికి తోడు మరుగుదొడ్లు కడిగాక ఫొటో, మధ్యాహ్న భోజనం వడ్డించాక ఫొటో, కోడిగుడ్ల లెక్క, పిల్లల హాజరు. ఇన్ని చేయించుకున్న శాఖే, ఫోన్ వల్ల బోధన దెబ్బతింటోందని మెమో ఇచ్చింది. పైగా 2022 డిసెంబరు 21న అదే ప్రభుత్వం బైజూస్ పాఠాలు నింపిన ఐదు లక్షలకు పైగా ట్యాబ్‌లను ఎనిమిదో తరగతి పిల్లలకూ వాళ్ల టీచర్లకూ పంచింది. ఏడాది తిరిగాక ఇంకో విడత. తెరను నిషేధించిందీ, తెరను పంచిందీ ఒకే చెయ్యి. ప్రభుత్వాలు మారినా ఈ ధోరణి మారలేదు. 2025 ఆగస్టు 1 నుంచి తెలంగాణ టీచర్లకూ ముఖ గుర్తింపు హాజరు వచ్చింది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్ హాల్ టికెట్ ప్రభుత్వ ‘మన మిత్ర’ వాట్సాప్ నంబరుకు హాయ్ కొడితే రావడం మొదలైంది.

బయట నిషేధాల వరస పెరుగుతూనే ఉంది. నెదర్లాండ్స్ 2024లో, బ్రెజిల్ 2025లో అమలు చేశాయి. దక్షిణ కొరియా 2025 ఆగస్టులో చట్టం చేసి 2026 మార్చి నుంచి అమలన్నది. న్యూయార్క్ మళ్లీ మొదటికొచ్చింది. 2025 సెప్టెంబరు నుంచి రాష్ట్రమంతా, మొదటి గంట నుంచి చివరి గంట దాకా స్మార్ట్‌ఫోన్ వద్దంది. ఈసారి పాత దెబ్బ గుర్తున్నట్టుంది. ఫోన్ దాచే ఏర్పాటు బడిదే, తల్లిదండ్రులు బిడ్డతో మాట్లాడే దారి బడే చూపాలి, కేవలం ఫోన్ వాడినందుకు పిల్లాణ్ని సస్పెండ్ చేయకూడదు అని రాసుకున్నారు. ఢిల్లీ హైకోర్టు 2025లో పూర్తి నిషేధం మంచిదీ కాదు, జరిగేదీ కాదంటూ, వీలున్నచోట బడిలోనే ఫోన్లు దాచే ఏర్పాటు చేయమంది. నా ఓటు ఈ పద్ధతికే. బడి వేళల్లో ఫోన్ పిల్లల చేతిలో ఉండనక్కర్లేదు. కానీ దాన్ని దాచే ఖర్చు, కబురు చేరవేసే బాధ్యత పిల్లల నెత్తిన పడకూడదు.

నిషేధాల మీద ఆశలు ఎంతవరకు పెట్టుకోవాలో 2025లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం చూపించింది. 30 బడుల్లో 1,227 మంది పిల్లలను పరిశీలిస్తే, కఠిన నియమాలున్న బడుల్లో పిల్లలు బడి వేళల్లో ఫోన్ వాడింది 40 నిమిషాలు తక్కువ. అయినా రోజు మొత్తం మీద వాడకం చెప్పుకోదగ్గంత తగ్గలేదు, మానసిక స్థితిలో తేడా కనబడలేదు. ఫోన్‌తో ఎక్కువ గంటలు గడిపే పిల్లల పరిస్థితి మాత్రం బాగాలేదని అదే పరిశోధన చెప్పింది. అంటే చిక్కు సాయంత్రం దగ్గర ఉంది. అసర్ 2024 ప్రకారం మన పల్లెల్లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో అంతకుముందు వారంలో చదువు కోసం స్మార్ట్‌ఫోన్ వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియా చూసినవాళ్లు 76 శాతం.

ఆ సాయంత్రాన్ని కూడా బడే నడిపిస్తోంది. ఆరు దాటాక క్లాసు గ్రూపులో హోంవర్క్ ఫొటో పడుతుంది. వంటింట్లో ఉన్న అమ్మ దగ్గర ఫోన్ తీసుకుని పిల్లాడు మూడో లెక్క చూస్తాడు, వెనక్కి నొక్కబోయి రీల్స్‌లోకి జారతాడు. భోజనానికి పిలిస్తే ‘హోంవర్క్ చేస్తున్నా’ అంటాడు, అదీ అబద్ధమేమీ కాదు. హోంవర్క్‌ను బోర్డు మీద రాసి డైరీలో ఎక్కించుకోమనడం ఏ బడి అయినా రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు. ఆఫీసు గదిలో తల్లిదండ్రులు చేయగానే పలికే ఒక ఫోన్ పెట్టడానికి వారం చాలు. టీచరు చేతిలోని యాప్‌లు తగ్గించడానికి మాత్రం సచివాలయం కదలాలి.