ఆదివారం ఎవరిచ్చారు?



ఈసారి పాఠం ఆదివారం గురించి. వారానికి ఒక రోజు సెలవు ఈ దేశపు కార్మికుడికి ఆకాశం నుంచి ఊడిపడలేదు. తెల్లదొరలు దయతలచి ఇచ్చిందీ కాదు. కులానికి ఎదురు నిలిచిన ఉద్యమంలోంచి వచ్చింది. ప్రతి ఆఫీసూ 'మానసిక ఆరోగ్యం' అంటున్న ఈ రోజుల్లో ఆ సంగతి మనకు తెలిసి ఉండాలి.

1880ల బొంబాయి బట్టల మిల్లులు. పొద్దు పొడుస్తూనే మొదలై పొద్దుగూకేదాకా పని. వారపు సెలవు లేదు. ఫూలే సహచరుడు, సత్యశోధక్ సమాజ్ కార్యకర్త, 'దీనబంధు' సంపాదకుడు నారాయణ్ మేఘాజీ లోఖండే 1884లో ఆ కార్మికుల్ని కూడగట్టాడు. 5,500 మందితో విజ్ఞాపన పత్రం మీద సంతకాలు పెట్టించాడు. ఏం అడిగారో చూడండి. ఆదివారం సెలవు. మధ్యాహ్నం అరగంట విరామం. పని గంటలకు హద్దు. జీతం ఆలస్యం కాకుండా చేతికి రావడం. దెబ్బ తగిలితే పరిహారం.

1890 ఏప్రిల్‌లో పదివేల మందితో సభ జరిగింది. ఇద్దరు మహిళా కార్మికులు ఆ సభలో మాట్లాడారు. జూన్ 10న మిల్లు యజమానుల సంఘం ఆదివారం సెలవుకు ఒప్పుకుంది. వారపు సెలవు 1891 ఫ్యాక్టరీ చట్టంలోకీ ఎక్కింది. ఫూలే కన్నుమూసింది ఆ 1890లోనే, నవంబరులో.

అయితే ఒక రోజు సెలవు దొరికినా మిగిలిన ఆరు రోజులు అందరికీ ఒకేలా గడవవు. అవే మిల్లుల్లో కూలి ఎక్కువ వచ్చే నేత విభాగంలోకి దళితుల్ని రానివ్వలేదు. కారణం, పోగు తెగితే ఉమ్మితో తడిపి అతకాలి. మన ఉమ్మి అంటిన పోగును పక్కవాడు ముట్టుకోడు. 1928 సమ్మె కాలంలో అంబేద్కర్ ఈ సంగతి లేవనెత్తాడు. 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో రైల్వే దళిత కార్మికుల సభలో ఇంకా సూటిగా చెప్పాడు: కార్మికుడికి శత్రువులు ఇద్దరు, ఒకటి బ్రాహ్మణవాదం, రెండోది పెట్టుబడిదారీ విధానం. దళితుడు గ్యాంగ్‌మన్‌గా చేరి గ్యాంగ్‌మన్‌గానే మిగిలిపోవడం ఆ సభలో ఆయన ఎత్తి చూపిన అన్యాయాల్లో ఒకటి.

1942 జులైలో వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో ఆయన కార్మిక శాఖ చేపట్టాడు. ఆయన కాలంలోనే 1945లో జీతంతో కూడిన సెలవులు చట్టమయ్యాయి. 1946 సవరణతో ఏడాది పొడవునా నడిచే ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటల పని 48కి దిగింది. 1948 ఫ్యాక్టరీల చట్టం ఆ 48 గంటలను నిలబెట్టింది. 500 మంది, అంతకు మించి పనిచేసే చోట సంక్షేమ అధికారి ఉండాలంది.

ఇప్పుడు మన కాలానికి రండి. 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నాడు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ అధిపతి 90 గంటలన్నాడు, ఆదివారం కూడా పని చేయించలేకపోతున్నందుకు విచారపడ్డాడు. 135 ఏళ్ల కిందట లోఖండే గెలిచిన ఆదివారాన్నే ఆయన వెనక్కి అడుగుతున్నాడు. అదే ఏడాది జూన్, జులై నెలల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు రెండూ రోజుకు పది గంటల పనికి తలుపు తీశాయి.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో చేరిన నా విద్యార్థులు ఫోన్ చేసి నిద్ర పట్టడం లేదంటారు. వాళ్ల ఆఫీసుల్లో నెలకోసారి యోగా, ధ్యానం, 'వెల్‌నెస్' క్లాసు పెడతారు. ధ్యానం చెడ్డదని నేననను. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో 'బర్నవుట్'ను పని వల్ల వచ్చే పరిస్థితిగానే గుర్తించింది, మనిషిలోని జబ్బుగా కాదు. పని వల్ల వచ్చినదాన్ని పనిలోనే సరిచేయాలి. గంటలు తగ్గించకుండా ఊపిరి ఎలా పీల్చాలో నేర్పితే లాభం ఎవరికి?

మన పిల్లలకు ఇంకో బరువూ ఉంది. ఇంటిపేరు విని ఆగిపోయేవాళ్లు, ఊళ్లో మీ ఇల్లు ఎటువైపని ఆరా తీసేవాళ్లు, రిజర్వేషనే లేని ప్రైవేటు ఆఫీసులో 'మీకేంటి, రిజర్వేషన్ ఉందిగా' అని నవ్వేవాళ్లు. టిఫిన్ బాక్స్ మూత తీసే ముందు చుట్టూ చూసుకోవడం. కులం దాచుకుంటూ పనిచేయడం కూడా పనే. దానికి జీతం లేదు, సెలవు లేదు, ఏ వెల్‌నెస్ సర్వేలోనూ దాని గురించి ప్రశ్న ఉండదు. ఇది ఆ నేత విభాగం గోడే. కంటికి కనిపించకుండా నిలబడి ఉంది.

అందుకే కొత్తగా ఉద్యోగంలో చేరే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా మాట. చేసిన గంటలు రాసి పెట్టుకోండి. కులం పేరుతో ఎవరేమన్నా తేదీ వేసి రాసుకోండి. ఒంటరిగా భరించకండి, యూనియన్ ఉంటే చేరండి, లేకపోతే నలుగురు కలవండి. 2024లో కర్ణాటకలో ఐటీ ఉద్యోగులకు 14 గంటల పనిదినం ప్రతిపాదన వస్తే దానిమీద గట్టిగా లేచింది ఐటీ ఉద్యోగుల యూనియనే. మనసు మరీ కుంగితే టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు, ఖర్చు లేదు. సాయం అడగడం సిగ్గుపడే పని కాదు.

కానీ మీకు నిద్ర పట్టకపోవడం మీ బలహీనత అని ఎవరైనా అంటే మాత్రం నమ్మకండి. ఆ 5,500 మందిలో ఎవరూ తమకు ఓపిక నేర్పమని అడగలేదు. ఆదివారం అడిగారు.

వచ్చే భాగంలో బొగ్గు గనుల్లో ఆడవాళ్లు, ప్రసూతి సెలవు చరిత్ర.

జై భీమ్.