ఇల్లే పనిస్థలమైతే బాధ్యత ఎవరిది?

కొవిడ్ కట్టడి కోసం 2020 మార్చి 25న దేశవ్యాప్త లాక్‌డౌన్ అమలులోకి రావడంతో సాఫ్ట్‌వేర్, కాల్ సెంటర్, ఆర్థిక సేవల రంగాల ఉద్యోగులు కొద్ది రోజుల్లోనే ఇళ్లలో పని మొదలుపెట్టారు. అత్యవసర ఏర్పాటుగా వచ్చిన ఈ పద్ధతి ఆ తరువాత పూర్తిగా తొలగిపోలేదు. చాలా సంస్థల్లో వారంలో కొన్ని రోజులు కార్యాలయంలో, మిగిలినవి ఇంట్లో పనిచేసే హైబ్రిడ్ విధానంగా అది స్థిరపడింది. అయితే పని చేరిన ఇంటిని చట్టం ఏ దృష్టితో చూడాలన్న ప్రశ్నకు స్పష్టమైన సమాధానం ఇంకా రాలేదు.

మారిన పరిస్థితికి ముందుగా సర్దుకున్నవి వాణిజ్య నిబంధనలే. కాల్ సెంటర్ల వంటి సంస్థలు ఉద్యోగిని ఇంటి నుంచి పని చేయించాలంటే అంతకుముందు టెలికాం శాఖ కఠిన షరతులకు లోబడవలసి వచ్చేది. 2020 మార్చిలో ఆ శాఖ వాటిని తాత్కాలికంగా సడలించింది. అదే ఏడాది నవంబరులో రిజిస్ట్రేషన్, బ్యాంకు గ్యారంటీ నిబంధనలను ఎత్తివేసి, ఎక్కడి నుంచైనా పనిచేసే వెసులుబాటును శాశ్వతం చేసింది. ప్రత్యేక ఆర్థిక మండళ్లలో చిక్కు వేరు. అక్కడి పరికరాలకు సుంకం మినహాయింపు ఉంటుంది కనుక మండలి గేటు దాటి లాప్‌టాప్ బయటికి రావడమే కస్టమ్స్ వ్యవహారం. 2022 జూలైలో చేర్చిన 43ఏ నిబంధన సగం మంది సిబ్బంది వరకు ఇంటి నుంచి పనిచేయడానికి అనుమతించింది. డిసెంబరులో ఆ పరిమితిని కూడా సడలించారు.

సంస్థల వైఖరి మాత్రం నిలకడగా లేదు. 2025 నాటికి ఏ సమయంలోనైనా 25 శాతం సిబ్బందే కార్యాలయంలో ఉంటే సరిపోతుందని 2020లో ప్రకటించిన టీసీఎస్, 2023 అక్టోబరు నుంచి వారానికి ఐదు రోజులూ కార్యాలయానికి రావాలని ఉద్యోగులను కోరింది. ఇంటి నుంచి పని యాజమాన్యం ఇచ్చే సౌకర్యంగానే ఉన్నంతకాలం, దానిని ఉపసంహరించుకునే అధికారమూ యాజమాన్యం చేతిలోనే ఉంటుంది.

నిజానికి ఇంటి వద్ద పని మనకు కొత్త కాదు. నిజామాబాద్, కరీంనగర్, జగిత్యాల ప్రాంతాల్లో మహిళలు తునికాకు, తంబాకు, దారం తెచ్చుకుని ఇంటి అరుగు మీదే దశాబ్దాలుగా బీడీలు చుడుతున్నారు. వీరిని చట్టం విస్మరించలేదు. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ముడి సరుకు తీసుకుని ఇంట్లో పనిచేసే వారిని కూడా ఉద్యోగి నిర్వచనంలో చేర్చింది. వీరు భవిష్యనిధికి అర్హులా కాదా అన్న వివాదం సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. యజమాని కళ్లెదుట పని జరగకపోయినా, నాసిరకం బీడీలను తిరస్కరించే హక్కు అతనికి ఉండటమే పర్యవేక్షణ అవుతుందని, కనుక వారు ఉద్యోగులేనని 1985లో న్యాయస్థానం తేల్చింది. నేడు కంప్యూటర్ తెర మీద ప్రతి నిమిషమూ నమోదయ్యే ఉద్యోగి విషయంలో పర్యవేక్షణ ఉందా లేదా అన్న సందేహానికే తావు లేదు. ఆ పర్యవేక్షణతో పాటు రావలసిన బాధ్యత ఎవరిదన్నదే తేలవలసి ఉంది.

ప్రమాదాల సంగతే తీసుకుందాం. ఇంటి నుంచి పనిస్థలానికి వెళ్లే దారిలో జరిగే ప్రమాదాన్ని, విధులతో సంబంధం ఉన్నట్లయితే, ఉద్యోగ ప్రమాదంగా పరిగణించే నిబంధన 2010లోనే ఈఎస్ఐ చట్టంలో చేరింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లోనూ అది ఉంది. ప్రయాణమే లేని ఉద్యోగి పని వేళలో తన ఇంటి మెట్ల మీద జారిపడితే అది ఉద్యోగ ప్రమాదమేనా అన్న దానికి అంత సూటి జవాబు లేదు. ఇంటి వద్ద పనిచేసే కార్మికుడికి ఈ కోడ్ నిర్వచనం ఇచ్చినప్పటికీ, దానిని ప్రధానంగా అసంఘటిత కార్మికుల కోసమే ఉద్దేశించింది.

ఖర్చుల విషయమూ ఇంతే. కరెంటు, ఇంటర్నెట్, కుర్చీ, బల్ల, విడిగా ఒక గది — కార్యాలయంలో ఇవన్నీ సంస్థ పెట్టుబడి. కొన్ని సంస్థలు భత్యం ఇస్తున్నాయి గాని, ఇంట్లో ఈ ఖర్చును యజమానే భరించాలని స్పష్టంగా నిర్దేశించే కేంద్ర చట్టం లేదు. ఆదాయపు పన్నులో జీతగాళ్లకు లభించే ప్రామాణిక మినహాయింపు పనిచేసే చోటును బట్టి మారదు. ఇంటిని కార్యాలయంగా మార్చుకున్న వారికి ప్రత్యేకంగా ఏమీ లేదు.

మహిళల విషయంలో ఈ మార్పు మేలు చేసిందా, భారం పెంచిందా? రెండూ నిజమే. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం, సెలవు ముగిసిన తరువాత పని స్వభావాన్ని బట్టి, యజమానితో ఒప్పందం మేరకు ఇంటి నుంచి పనిచేసే వీలును అప్పుడే కల్పించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా మహిళలకు పెద్ద ఎత్తున ఇలాంటి ఉద్యోగాలు అందించే ఆలోచనను 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది. అయితే ఇల్లు అందరికీ ఒకే తీరుగా ఉండదు. ఇంటిపనుల్లో పాల్గొనే మహిళలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నట్లు 2019 నాటి జాతీయ కాల వినియోగ సర్వే వెల్లడించింది. 2024 సర్వేలో ఈ లెక్కలు 289, 88 నిమిషాలు. అయిదేళ్లలో పురుషుల వాటా పెరగకపోగా తగ్గింది. సమావేశానికీ పొయ్యి మీది అన్నానికీ మధ్య గోడ లేని చోట ఆ నిమిషాలు ఉద్యోగపు వేళల్లోకి చొరబడక తప్పదు.

నగరాల మీద ప్రభావం మరో తీరుది. లాక్‌డౌన్ కాలంలో మాదాపూర్, అమీర్‌పేట హాస్టళ్లు, మెస్‌లు, క్యాబ్‌ల మీద బతికేవారి ఆదాయం పడిపోయింది. వారిలో ఎవరికీ ఇంటి నుంచి పనిచేసే అవకాశం లేదు. మరోవైపు కరీంనగర్, ఖమ్మంలో 2020లో, సిద్దిపేట, నిజామాబాద్‌లలో 2023లో ఐటీ టవర్లు ప్రారంభమయ్యాయి. సొంత ఊరికి దగ్గరగా ఉంటూనే ఇల్లు కాని చోట పనిచేయాలనుకునే వారికి ఇదొక మధ్యేమార్గం.

పని వేళలు ముగిశాక ఫోన్ ఎత్తకపోవడం ఉద్యోగి హక్కు కావాలన్న వాదన కూడా బలపడుతోంది. ఫ్రాన్స్‌లో 2017 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుంచి దీనికి చట్టబద్ధత ఉంది. మన దేశంలో ఎంపీ సుప్రియా సూలే 2018 డిసెంబరులో ఇదే ఉద్దేశంతో లోక్‌సభలో బిల్లు ప్రవేశపెట్టారు. అది ప్రైవేటు సభ్యుల బిల్లు. అలాంటి బిల్లు పార్లమెంటు ఆమోదం పొంది చట్టమైన సందర్భం 1970 తరువాత ఒక్కటీ లేదు.