ఎఱ్ఱబడు ముఖము - రోజేసియా చికిత్సా చరిత్ర

చర్మవ్యాధులలో కొన్ని ప్రాణమునకు అపాయము కలిగింపవు. కాని మనిషిని నలుగురిలో తలయెత్తుకొని తిరుగనీయవు. అట్టి వానిలో రోజేసియా ఒకటి. బుగ్గలు, ముక్కు, నుదురు, గడ్డము మాటిమాటికి ఎఱ్ఱబడి మండుట దీని మొదటి లక్షణము. క్రమముగా సన్నని రక్తనాళములు పైకి కనబడును, చిన్న పొక్కులు లేచును. కొందరికి కన్నులు మండును; కొందరు పురుషులకు ముక్కు దళసరియై ఆకారము చెడును. సాధారణముగా ముప్పది యేండ్లు దాటిన పిమ్మట ఇది ఆరంభమగును. ఇది అంటువ్యాధి కాదు.

శ్రీకాకుళము జిల్లాలో, ఒడిశా సరిహద్దున, పర్లాకిమిడికి చేరువనున్న పాతపట్నము వంటి ఊళ్లలో ముఖముపై ఎఱ్ఱదనము కనబడగానే మొదట కలుగు భయము కుష్ఠును గూర్చి. రెండవ ఆలోచన అరసవిల్లి. చర్మరోగములు నయమగునను నమ్మకముతో అచ్చటి సూర్యనారాయణస్వామికి మ్రొక్కుకొనువారు నేటికిని అనేకులు. ఆ నమ్మకమిచ్చు ధైర్యమును ఎవరును కాదనరాదు. కాని ఒక్క సంగతి గుర్తుంచుకొనవలెను: రోజేసియాను రేపు కారణములలో ఎండయే ముఖ్యమైనది. మ్రొక్కు తీర్చుకొనువారు గొడుగు వేసికొనిపోవుట మేలు.

పూర్వము వైద్యునికొఱకు చేయు ప్రయాణమే ఒక పరీక్షగా నుండెడిది. 1900లో నౌపడా నుండి పర్లాకిమిడికి చిన్న రైలు నడచుట ప్రారంభమయ్యెను. 1923లో విశాఖపట్నమున వైద్య కళాశాల ఏర్పడిన పిదప ఉత్తర జిల్లాల వారికి పెద్ద వైద్యము కొంత దగ్గరయ్యెను. అయినను ఈ వ్యాధికి సరియైన మందు అప్పటికి లోకములో ఎచ్చటను లేదు.

పాత కాలపు ఊహలు

ఈ వ్యాధి మాత్రము క్రొత్తది కాదు. పదునాలుగవ శతాబ్దమున ఫ్రాన్సు దేశపు శస్త్రవైద్యుడు గీ ద షోలియాక్ ముఖముపై వచ్చు ఇట్టి ఎఱ్ఱదనమును వర్ణించెను. 1490 ప్రాంతమున ఇటలీ చిత్రకారుడు గిర్లాండాయో ఒక వృద్ధుని, అతని మనుమని చిత్రించెను. తాత ముక్కు ఉబ్బి, బుడిపెలు కట్టి యున్నది. మనుమడు మాత్రము ఆ ముఖమునే ప్రేమతో చూచుచున్నాడు. ఆ పటము నేడు పారిస్‌లోని లూవ్రు ప్రదర్శనశాలలో నున్నది.

లోకము చూపు ఆ బాలుని చూపువలె నుండలేదు. ఎఱ్ఱని ముక్కు త్రాగుబోతు గుర్తని జనులు నిశ్చయించిరి. మద్యము ముట్టనివారికి కూడ ఈ వ్యాధి వచ్చును. మద్యము దానిని రేపు కారణములలో ఒకటి మాత్రమే. రోగముతోపాటు అపనిందను కూడ ఎందరో మోయవలసి వచ్చెను. 1920 ప్రాంతమున కొందరు వైద్యులు కడుపులో ఆమ్లము తక్కువగుటయే దీనికి మూలమని తలచి, రోగులచే పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లము త్రాగించిరి. ఆ ఊహ నిలువలేదు.

బంగారు రంగు సూక్ష్మజీవి

మేలిమలుపు మరొక దారిన వచ్చెను. అందులో ఒక తెలుగువాని చేయి కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో అమెరికా వెళ్లి, పిదప లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకుడయ్యెను. ఆయన పర్యవేక్షణలో బెంజమిన్ డగ్గర్ అను వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు పలుచోట్ల మన్ను తెప్పించి సూక్ష్మజీవులను పరీక్షించెను. మిస్సోరి విశ్వవిద్యాలయపు పొలములోని మట్టియందు బంగారు వన్నె గల జీవి యొకటి దొరకెను. దాని నుండి తీసిన మందే ఆరియోమైసిన్. 1948లో అది లోకమునకు వెల్లడియయ్యెను. టెట్రాసైక్లిన్ కుటుంబమునకు అది పెద్దబిడ్డ. ఆ సంవత్సరము ఆగస్టులోనే సుబ్బారావు మరణించెను.

తరువాత వైద్యులు టెట్రాసైక్లిన్‌లను రోజేసియాకు వాడి చూచిరి. 1966లో ఇంగ్లండు వైద్యుడు స్నెడన్, మందు లేని ఉత్తుత్తి మాత్రలతో పోల్చి పరీక్షించి, టెట్రాసైక్లిన్ నిజముగా పనిచేయుచున్నదని చూపెను. శతాబ్దముల ఊహల స్థానమున కొలత నిలిచెను.

ఈ మందు క్రిములను చంపుటవలననే మేలు చేయుచున్నదా? కాదని తరువాత తేలెను. 2006లో అమెరికాలో అనుమతి పొందిన 40 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ క్రిములను చంపుటకు చాలని మోతాదు. అయినను పొక్కులను తగ్గించును. చర్మమునకు రక్షణనిచ్చు కాథెలిసిడిన్ అను పదార్థము ఈ రోగులలో అతిగాను, మారిన రూపములోను ఉండి వాపును రేపుచున్నదని 2007లో శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. డాక్సీసైక్లిన్ ఆ వాపును అణచును. మెట్రోనిడజోల్, ఐవర్‌మెక్టిన్ లేపనములు కూడ నేడు వాడుకలో నున్నవి.

మన చర్మము, మన పొరపాటు

గోధుమవన్నె చర్మముపై ఎఱ్ఱదనము స్పష్టముగా కనబడదు. అందుచేత మనలో ఈ వ్యాధిని మొటిమలనియో, ఎండ పొక్కులనియో పొరబడుదురు. కుష్ఠు మచ్చలు తరచుగా స్పర్శ కోల్పోవును. రోజేసియాలో మంట, చుఱుకు ఎక్కువ. అయినను నిర్ణయించవలసినవాడు వైద్యుడే. కుష్ఠు అని తేలినను భయపడ పనిలేదు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన బహుళ ఔషధ చికిత్సతో అదియు నయమగును.

అసలు ప్రమాదము మందుల దుకాణములో నున్నది. ముఖము తెల్లబడునని కొని రాయు స్టెరాయిడ్ లేపనము కొన్ని దినములు ఎఱ్ఱదనమును అణచును. మానిన వెంటనే వ్యాధి రెట్టింపుగా తిరుగబడును. లేని వ్యాధిని కూడ అది తెచ్చిపెట్టగలదు. 2018లో కేంద్ర ప్రభుత్వము ఇట్టి లేపనములు పెక్కింటిని వైద్యుని చీటి లేక అమ్మరాదని కట్టడి చేసినది.

ఓర్పు కూడ ఒక మందు

రోజేసియాను సమూలముగా పోగొట్టు మందు నేటికిని లేదు. అదుపులో నుంచు మందులు కలవు. వాని ఫలితము కనబడుటకు వారములు, ఒక్కొక్కప్పుడు రెండు మూడు నెలలు పట్టును. పది దినములలో గుణము కనబడలేదని వైద్యుని మార్చువారు ప్రతిసారి మొదటికే వత్తురు. పొయ్యి సెగ, మితిమీరిన కారము, పొగలు గ్రక్కు కాఫీ, మనోవ్యథ - ఇందు ఏది తనకు పడదో రోగి యొక చిన్న పుస్తకములో వ్రాసికొన్నచో వైద్యునికి సగము పని తీరును. గర్భిణులకు, ఎనిమిదేండ్ల లోపు పిల్లలకు టెట్రాసైక్లిన్ ఈయరాదు. కావున ఇంటిలోనివారి మాత్రలు పంచుకొనుట తగదు.

తరగతిలో ఎవరి ముఖమైనను ఎఱ్ఱబడినచో నవ్వు పుట్టుట సహజము. అది కోపము కాదు, త్రాగుడు కాదు, అంటు కాదు అని పిల్లలకు చెప్పగలవాడు ఉపాధ్యాయుడే. మందు పనిచేయు దాక రోగి ఓర్చుకొనవలసినది మంట మాత్రమే కావలెను. ఇతరుల చూపును కూడ ఓర్చుకొనవలసిన అవసరము ఉండరాదు.