వన్-నార్త్‌లో నలుపు తెలుపు ఇళ్లు: రాయి లేని పాత ఇల్లు

సింగపూర్‌లో ఉండే మన తెలుగువాళ్లలో చాలామందికి వన్-నార్త్ అంటే ఆఫీసు. బయోపోలిస్, ఫ్యూజనోపోలిస్ అద్దాల భవనాలు, మధ్యాహ్నం ఫుడ్ కోర్టులో క్యూలు, సాయంత్రం బ్యూనా విస్టా స్టేషన్‌లో రద్దీ. భూమధ్యరేఖకు ఒక డిగ్రీ ఉత్తరాన ఉంది కాబట్టి ఈ ప్రాంతానికి ఆ పేరు పెట్టారు. జేటీసీ సంస్థ సుమారు 200 హెక్టార్లలో దీన్ని అభివృద్ధి చేసింది. దీని ప్లానును 2001లో గీసింది ప్రఖ్యాత ఆర్కిటెక్ట్ జహా హదీద్ సంస్థ. బయోపోలిస్ 2003లో మొదలైంది. అంటే మనం చూసే వన్-నార్త్ వయసు పాతికేళ్లకు అటూ ఇటే.

కానీ అదే 200 హెక్టార్లలో, అద్దాల భవనాల వెనకాలే, పెద్ద పెద్ద చెట్ల కింద తెల్ల గోడలు, నల్ల కిటికీలు, ఎర్ర పెంకుల కప్పులతో కొన్ని పాత ఇళ్లున్నాయి. రోచెస్టర్ పార్క్, నేపాల్ హిల్, వెసెక్స్ ఎస్టేట్ అని మూడు గుంపులు. వీటిని ఇక్కడ 'బ్లాక్ అండ్ వైట్' ఇళ్లంటారు.

మొన్న మా అమ్మ వచ్చినప్పుడు సాయంత్రం నడకకు వెసెక్స్ వైపు తీసుకెళ్లాను. అమ్మ పుట్టింది కడప జిల్లాలో, రాతి ఇంట్లో. ఒక ఇంటి ముందు ఆగి, "పాత ఇల్లు పాత ఇల్లు అంటివి, ఒక్క రాయి కూడా కనపడదేమే?" అంది. అప్పటికి నవ్వేశాను. తర్వాత ఆలోచిస్తే అది మంచి ప్రశ్న. ఈ వ్యాసం దానికి జవాబే.

ఎవరు కట్టారు, ఎందుకు

ఈ ఇళ్లు బ్రిటిష్ సైన్యం కోసం కట్టినవి. సింగపూర్‌లో ఈ తరహా ఇళ్లు పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచే ఉన్నాయి. అన్నింటికంటే పాతవాటిలో ఒకటి బొటానిక్ గార్డెన్స్ పక్కన గాలప్ రోడ్డులో ఉన్న 'అట్బారా'. 1898 నాటిది, ఆర్.ఏ.జె. బిడ్‌వెల్ డిజైన్ చేశాడు. మొదట్లో ఇలాంటివి ధనికులైన లాయర్లకు, కంపెనీ పెద్దలకు ఉండేవి. తర్వాత ప్రభుత్వమూ సైన్యమూ తమ అధికారుల కోసం వరసగా కట్టాయి. వన్-నార్త్‌లోవి ఆ చివరి తరానివి, రెండో ప్రపంచ యుద్ధానికి అటూ ఇటూ కట్టినవి. అందుకే వీటిలో అట్బారా లాంటి ఆడంబరం లేదు. సైన్యం లెక్కలో పొదుపుగా, ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి.

వెసెక్స్‌లో జంట ఇళ్లతో పాటు, లిఫ్టు లేని రెండు మూడంతస్తుల ఫ్లాట్లు కూడా ఉన్నాయి. అక్కడి వీధుల పేర్లు గమనించండి: వెస్ట్‌బోర్న్, విట్‌చర్చ్, వెహిల్, విల్టన్, వోకింగ్. అన్నీ ఒకే అక్షరంతో మొదలయ్యే ఇంగ్లండు పేర్లు. ఫ్లాట్ల బ్లాకులకైతే బ్రిటిష్ వాళ్లు గెలిచిన యుద్ధాల పేర్లు పెట్టారు. వాటర్లూ ఒకటి, ప్లాసీ ఒకటి. 1757 ప్లాసీ మన స్కూలు పుస్తకంలో ఓటమి, ఇక్కడ గోడ మీద విజయం. మా అబ్బాయికి ఆ బోర్డు చూపించి చెబితే కాసేపు నమ్మలేదు.

1942 ఫిబ్రవరిలో జపాన్ సైన్యం పశ్చిమ తీరం నుంచి ఇటే వచ్చింది. పాసిర్ పంజాంగ్ గుట్టల మీద పోరాటం జరిగింది. వెసెక్స్‌కు దగ్గరలోనే ఉన్న అలెగ్జాండ్రా ఆసుపత్రిలో ఫిబ్రవరి 14న రోగుల్ని, సిబ్బందిని జపాన్ సైనికులు చంపేశారు. మర్నాడు సింగపూర్ లొంగిపోయింది. యుద్ధం అయ్యాక బ్రిటిష్ కుటుంబాలు మళ్లీ వచ్చాయి. 1968లో బ్రిటన్ తన సేనల్ని వెనక్కి పిలుస్తున్నట్టు ప్రకటించి, 1971 చివరికల్లా దాదాపు ఖాళీ చేసింది. ఇళ్లు సింగపూర్ ప్రభుత్వం చేతికి వచ్చాయి.

ఇంటిలో ఏముంది

బయట నుంచి చూస్తే గోడ తెలుపు, కర్ర నలుపు, అంతే. నలుపు రంగు ఇంగ్లండులోని ట్యూడర్ కాలపు ఇళ్ల నుంచి వచ్చిన మోజు అంటారు. కానీ ఇల్లు పనిచేసే తీరు ఇంగ్లండుది కాదు. సగం మలయా పల్లె ఇల్లు, సగం మన దేశపు బంగళా. 'బంగళా' అన్న మాటే బెంగాల్ నుంచి వచ్చింది.

పాత తరం ఇళ్లు ఇటుక స్తంభాల మీద నేలకు ఎత్తుగా ఉంటాయి. కింద గాలి ఆడుతుంది, చెమ్మ ఎక్కదు, చెద పట్టినా తొందరగా కనబడుతుంది. కప్పు గోడను దాటి చాలా ముందుకు వస్తుంది. ఇక్కడ వాన నిలువుగా పడదు, గాలితో ఏటవాలుగా కొడుతుంది. ఆ చూరు లేకపోతే కిటికీలు తెరిచి ఉంచడమే కుదరదు. వసారా ఇంటికి రెండు మూడు వైపులా ఉంటుంది, వెదురు చిక్‌లు దించుకుంటే అదే గది. లోపల కప్పు ఎత్తు, గది గోడలకు పైన జాలీలు. వేడి గాలి పైకి పోయి బయటికి వెళ్లే దారి అది. వంటిల్లు, పనివాళ్ల గదులు వెనకాల విడిగా, మధ్యలో కప్పు వేసిన నడవ. వంటింటి పొగ, వేడి ఇంట్లోకి రాకూడదని పెట్టుకున్న ఏర్పాటు. ఇందులో దొర-నౌకరు ఎడం కూడా ఉందని దాచనక్కర్లేదు. ఆ వెనక గదులు ముందు గదులతో పోలిస్తే చాలా ఇరుకు.

రాయి ఎందుకు లేదు

సింగపూర్‌లో రాయి లేక కాదు. బుకిట్ తిమా గుట్ట, పులావ్ ఉబిన్ దీవి రెండూ గ్రానైటే. పులావ్ ఉబిన్ రాయితో 1851లో హార్స్‌బర్గ్ దీపస్తంభం కట్టారు. జోహోర్‌కు వెళ్లే కాజ్‌వేకు కూడా ఈ రెండు చోట్ల గ్రానైటే వాడారు. ఇక్కడ రాయి సముద్రం అలల్ని ఆపే పనికి పోయింది, మనుషులు ఉండే గోడల్లోకి పెద్దగా రాలేదు.

దానికి ఒక కారణం వాతావరణం. మా అవ్వ ఇంటి రాతి గోడ అడుగున్నర పైన మందం. ఎండాకాలం పగలు 41, 42 డిగ్రీలున్నా లోపల చల్లగానే ఉండేది. రాయి వేడిని ఆపదు, ఆలస్యం చేస్తుంది. పగటి వేడి ఆ మందాన్ని దాటి లోపలికి చేరేసరికి పది గంటలకు అటూ ఇటూ పడుతుంది. అప్పటికి రాత్రి అవుతుంది, బయట చల్లబడుతుంది, అందరం మిద్దె మీద పడుకుంటాం. తెల్లారేసరికి గోడ మళ్లీ చల్లారి ఉంటుంది. ఈ లెక్క కుదరాలంటే పగటికీ రాత్రికీ తేడా పన్నెండు డిగ్రీల దాకా ఉండాలి, గాలి పొడిగా ఉండాలి.

సింగపూర్‌లో పగలు 31, 32, రాత్రి 25. తేడా ఆరేడు డిగ్రీలే, ఏడాది పొడుగునా అంతే. గాలిలో తేమ సగటున 80 శాతం పైన. ఏడాదికి వాన 2,100 మిల్లీమీటర్లు దాటుతుంది. మందపాటి రాతి గోడ ఇక్కడ పగలు తాగిన వేడిని పూర్తిగా వదిలే అవకాశం ఉండదు. రాత్రి నిద్రపోయే వేళకు దాన్ని మంచం మీదికి వదులుతుంది. పైగా తేమకు బూజు. అందుకే ఇక్కడ ఇంటి తెలివి గోడలో లేదు, గోడ లేని చోట ఉంది. అంటే వసారాలో, జాలీలో, చూరులో. ఆ ఇంటిని ఇక్కడ పెడితే ఉడికిపోతాం, ఈ ఇంటిని కడపలో పెడితే మే నెల వడగాలి నేరుగా మంచం దాకా వస్తుంది.

సున్నం దగ్గర చుట్టరికం

రాయి కలవలేదు గానీ సున్నం కలిసింది. సింగపూర్ నడిబొడ్డున ఉన్న సెయింట్ ఆండ్రూస్ కెథడ్రల్ తెల్లగా మెరుస్తుంటుంది కదా. ఇప్పుడున్న ఆ భవనాన్ని 1856లో మొదలుపెట్టి, 1861లో తొలి ప్రార్థన జరిపారు. కట్టింది ఇండియా నుంచి శిక్ష వేసి తెచ్చిన ఖైదీలు. వాళ్లను 1825 నుంచి ఇక్కడికి తెచ్చారు, 1873లో ఆ పద్ధతి ఆగింది. రోడ్లు, వంతెనలు, ఇప్పటి ఇస్తానా భవనం, అన్నింట్లో వాళ్ల చెమట ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి వచ్చినవాళ్లూ వారిలో ఉన్నారు. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోవే.

ఆ గోడల పూతను 'మద్రాస్ చునాం' అన్నారు. చునాం మన సున్నానికి చుట్టమే. గవ్వల సున్నం, గుడ్డు తెల్లసొన, ముతక చక్కెర, కొబ్బరి పీచు నానబెట్టిన నీళ్లు కలిపి పూసి, ఆరాక నున్నటి రాయితో రుద్దేవారని ఆ ఖైదీల అధికారిగా పనిచేసిన మెక్‌నేర్ 1899లో వచ్చిన తన పుస్తకంలో రాశాడు. మన వైపు గానుగలో రుబ్బిన డంగు సున్నంలో బెల్లం, కరక్కాయ కలిపినట్టే. చక్కెర వల్ల సున్నం నీళ్లలో ఎక్కువ కరుగుతుంది, తెల్లసొన పూతకు నీరు అంటకుండా సాయపడుతుంది.

కెమిస్ట్రీ చదువుకున్న నాకు సున్నం అంటే ఇప్పటికీ ముచ్చటే. సున్నపురాయిని 900 డిగ్రీల దగ్గర కాలిస్తే కార్బన్ డయాక్సైడు పోయి పొడిసున్నం మిగులుతుంది. నీళ్లు పోస్తే ఉడుకుతూ తడిసున్నం అవుతుంది. గోడకు పూశాక గాలిలోని కార్బన్ డయాక్సైడును మెల్లగా తిరిగి తీసుకుని మళ్లీ సున్నపురాయే అవుతుంది. మధ్యలో సన్నటి రంధ్రాలు ఉంటాయి కాబట్టి గోడలోకి వచ్చిన తేమ బయటికి ఆవిరైపోతుంది. సిమెంటు అలా కాదు. గట్టిగా మూసేస్తుంది.

ఇది నాకు పుస్తకంలో కాదు, మా అవ్వ ఇంట్లో తెలిసింది. అది మట్టిమిద్దె. గోడలు రాయి, మట్టి అడుసు. దూలాల మీద దంతెలు, వాటి మీద నాపబండలు, ఆ పైన మన్ను, అన్నిటికీ పైన చౌడు. ఏటా వానలకు ముందు చౌడు చల్లేవారు. చౌడులో సోడియం ఎక్కువ. తడవగానే దాని బంకమన్ను ఉబ్బి, విడిపోయి, సందులన్నీ మూసేస్తుంది. నీళ్లు దిగవు. ఎక్కడా కొనకుండా చెరువు పక్క నుంచి తెచ్చుకునే వాటర్‌ప్రూఫింగ్ అది. వెలుతురుకు కప్పులో గవాచి, వానొస్తే దాని మీద బండ.

ఏడేళ్ల కిందట, ఏటా చౌడు చల్లేవాళ్లు దొరక్క, మిద్దె మీద సిమెంటు వేయించారు. అదే ఊపులో గోడలకు లోపలా బయటా సిమెంటు పూయించారు. డబ్బు పంపిన వాళ్లలో నేనూ ఉన్నాను, ఫొటోలు చూసి బాగుందన్నాను కూడా. మూడో వానకు పైన నెర్రెలు వచ్చాయి. దూలాలు ఎండకు వానకు కదులుతాయి, సిమెంటు వాటితో కదలదు. నేల నుంచి పైకి పాకే చెమ్మకు బయటికి దారి లేక, గోడ లోపలే నడుము ఎత్తుదాకా ఎక్కింది. ఉప్పు తేలి, పెచ్చులు ఊడుతున్నాయి. రాళ్ల మధ్య అడుసు మెత్తబడింది. ఇప్పుడు మామలు పడగొట్టి స్లాబు వేద్దామంటున్నారు.

ఇక్కడివి ఎలా మిగిలాయి

బ్లాక్ అండ్ వైట్ ఇళ్లు నిలవడానికి అసలు కారణం సెంటిమెంటు కాదు, యాజమాన్యం. ఇవి దాదాపుగా ప్రభుత్వ ఆస్తి, అమ్మరు, అద్దెకే ఇస్తారు. పది మంది వారసుల మధ్య పంపకాలు లేవు. ఎవరో ఒకరు ఉంటూ ఉంటారు కాబట్టి కప్పు కారితే ఆ నెలలోనే తెలుస్తుంది. తాళం వేసిన ఇల్లు ఎంత గట్టిదైనా పదేళ్లలో పడిపోవడం మన ఊళ్లలో అందరం చూస్తున్నదే.

రెండోది, పని మార్చుకున్నాయి. రోచెస్టర్ పార్క్ ఇళ్లలో 2000ల నుంచి రెస్టారెంట్లు వచ్చాయి. నేపాల్ హిల్‌లో 2013లో యూనిలీవర్ తన నాయకత్వ శిక్షణ కేంద్రం తెరిచింది. వెసెక్స్‌లో మామూలు అద్దె కుటుంబాలతో పాటు చిత్రకారుల స్టూడియోలున్నాయి. అక్కడి 'కోల్‌బార్' 1953లో బ్రిటిష్ సైనికుల క్యాంటీన్‌గా మొదలైంది. రోడ్డు విస్తరణకు అడ్డొస్తే 2000ల మొదట్లో దాన్ని విప్పి, పాత సామాన్లతోనే విట్‌చర్చ్ రోడ్డులో మళ్లీ నిలబెట్టారు. పాత తలుపు, పాత కిటికీ పారేయకుండా అంకెలేసి దాచిపెట్టుకోవచ్చన్న సంగతి మా మామకు చెప్పడానికి నాకు పనికొచ్చింది.

ఇందులో నాకు నచ్చనిదీ ఉంది. అద్దెలు మామూలు కుటుంబాలకు అందవు, చాలా వాటిని మనం గేటు బయటి నుంచే చూడాలి. అయినా చూడాలనుకునేవాళ్లకు ఒక దారి చెబుతాను. బ్యూనా విస్టా స్టేషన్‌లో దిగితే స్టార్ విస్టా వెనకాలే రోచెస్టర్ పార్క్. అక్కడి నుంచి పోర్ట్స్‌డౌన్ రోడ్డు మీదుగా వెసెక్స్‌కు నడవొచ్చు. దగ్గర్లోనే 2011లో ఆగిపోయిన పాత మలయా రైలు దారి ఇప్పుడు నడకబాటగా ఉంది. సాయంత్రం అయిదు తర్వాత వెళ్లండి, దోమల మందు రాసుకోండి. వెసెక్స్‌లో మనుషులు కాపురం ఉంటున్నారు కాబట్టి వసారాల్లోకి ఫోన్లు పెట్టకండి.

మా ఇంటి సంగతి ఇంకా తేలలేదు. పాత సున్నం పని తెలిసిన మేస్త్రి ఒకాయన పోయిన నెల వచ్చి, రెండు చోట్ల సిమెంటు గీకి చూశాడు. రాళ్లు బాగున్నాయి, అడుసే పోయింది, దూలాల్లో రెండు మార్చాలి అన్నాడట. సిమెంటు మొత్తం ఊడగొట్టి గోడను ఒక ఎండాకాలం ఆరబెట్టి, తర్వాతే సున్నం పూయాలని షరతు పెట్టాడు. పెద్దమామ అంత కాలం ఎందుకంటున్నారు. చిన్నమామ మాత్రం ఖర్చు లెక్క రాసి పంపమన్నారు.