అండమాను వంశావళులు: పాత జాబులు, కచ్చేరి కాగితములు

వంశావళి యనగానే మనకు శాసనములలోని తండ్రికొడుకుల వరుసలు, కైఫీయతులు, భట్రాజుల పద్యములు స్ఫురించును. రాజవంశములను సమర్థించుటకైనను శంకించుటకైనను మనవారికి ఆధారముల కొదువ లేదు. కాని తాత పేరు మాత్రము తెలిసి, ఆయన ఏ యూరివాడో, ఏ నేరముపై ఓడ యెక్కెనో చెప్పగల వృద్ధులు గతించిన పిమ్మట ఆ కుటుంబమునకు పూర్వచరిత్ర ఎక్కడ దొరకును? అండమాను దీవులలో ఇది చరిత్రకారుల కుతూహలము మాత్రమే కాదు. విద్యాలయములలో ప్రవేశము, ఉద్యోగము, ఒక్కొక్కచో నేలపై హక్కు దీనితో ముడిపడియున్నవి.

1858 మార్చి 10వ తేదీన డాక్టరు వాకరు రెండువందలమంది ఖైదీలతో అచ్చట దిగినది మొదలు ఆ వలస యారంభమయ్యెను. మొదట వచ్చినవారిలో సిపాయిల తిరుగుబాటున పట్టుబడినవారే హెచ్చు. తరువాత దేశపు నలుమూలల నుండి జీవితాంత ప్రవాసశిక్ష పడినవారిని పంపిరి. మన మన్యసీమనుండి 1879-80 నాటి రంప పితూరీలోను, 1922-24 నాటి అల్లూరి పోరాటములోను శిక్షపడినవారిలో కొందరు ఈ దారినే పోయిరి. కొన్నేండ్లు సత్ప్రవర్తనతో గడపిన ఖైదీకి సెలవుచీటి యిచ్చి, స్వంతముగా సాగుచేసికొని బ్రతుకుటకు అనుమతించెడివారు. అట్టివాడు స్త్రీఖైదులలో ఒకతెను అధికారుల యనుజ్ఞతో వివాహమాడవచ్చును. పంజాబీ పురుషునకు మరాఠీ భార్య, తెలుగువానికి హిందుస్థానీ భార్య యిట్లు లభించిరి. వారి సంతతియే ‘లోకల్ బారన్’ అను పేర ఒక ప్రత్యేకసమాజమైనది. ఇంటిభాష హిందుస్థానీ యయ్యెను.

ఇక్కడ మన పాఠకులు ఒక భ్రాంతికి లోనుగాకుండవలెను. 2011 జనాభా లెక్కలలో ఆ దీవులయందు నూటికి సుమారు పదమూడుగురు తెలుగు మాతృభాషగా చెప్పికొనిరి. వీరిలో హెచ్చుమంది స్వాతంత్ర్యానంతరము శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి కూలికిని, చేపలవేటకును వెళ్లినవారు, వారి బిడ్డలు. ఖైదీగా వెళ్లిన తెలుగువాని మునిమనుమడు తెలుగు రానివాడై యుండవచ్చును. కనుక భాష నిచట వంశమునకు సాక్షిగా పిలువరాదు.

మఱి సాక్షి యెవరు? ఖైదీ వెంట వచ్చిన వివరణపట్టీ. అందు పేరు, తండ్రి పేరు, కులము, వయస్సు, దేహముపైని గుర్తులు, స్వగ్రామము, శిక్షించిన న్యాయస్థానము వ్రాయబడెడివి. చూచుటకు నిండైన పత్రమే. కాని మన పేరులో ముఖ్యమైన యింటిపేరు అందు సాధారణముగ ఉండదు. అప్పన్న కొడుకు రామన్న యనిన ఉత్తరాంధ్రమున ఊరికి పదిమంది దొరకుదురు. తెలుగు తెలియని గుమాస్తా చెవికి తోచినట్లు ఇంగ్లీషు లిపిలో వ్రాసిన ఊరిపేరును తిరిగి తెలుగులోనికి తెచ్చుట మఱొక చిక్కు. వయస్సు అంచనాయే. ఇక కులము సంగతి చెప్పనక్కరలేదు. నూతనదేశమున మనుష్యులు క్రొత్తకులము చెప్పికొనుట క్రొత్త కాదు.

ఈ కొఱత తీర్పగలవి జాబులు. ఖైదీల యుత్తరములు మితమైనవి. సెల్యులారు జైలున సావర్కరు వంటివారికి ఏడాదికొక్క జాబు మాత్రము అనుమతింపబడెడిది. అదియు అధికారుల కన్నులబడియే పోవలెను. అందుచేత జైలు సంగతులు వానిలో తక్కువ. కాని వంశచరిత్రకు కావలసినది జైలు సంగతి కాదు, కుశలప్రశ్నలే. పూర్వపు తెలుగు జాబును ఒక్కమారు జ్ఞాపకము చేసికొందము. ‘ఉభయకుశలోపరి’ తరువాత నమస్కారములు, ఆశీర్వాదములు పెద్దలనుండి పిన్నలవరకు వరుసగా వచ్చును. చిన్నవారు ‘చిరంజీవి’, సువాసినులు ‘సౌభాగ్యవతి’, విధవలు ‘గంగాభాగీరథీ సమానురాలైన’. ఒకయేటి జాబులో సౌభాగ్యవతి యైన పినతల్లి మఱుసటి జాబులో గంగాభాగీరథీ సమానురాలైనచో, ఆ నడుమ పినతండ్రి మరణించినట్లే గదా! మరణతేదీ నమోదులేని కుటుంబమున ఇంతకన్న నమ్మదగిన సాక్ష్యము దొరకదు. దావాకొఱకు కల్పించు వంశవృక్షమున ఈ జాగ్రత్త కానరాదు. ఏలయన వ్రాయువాడు అప్పటికి దావాను ఊహింపలేదు.

ఇది నా యూహ కాదు. 1872 నాటి సాక్ష్య చట్టము 32వ సెక్షనులో ఈ తర్కమే కలదు. మరణించినవారు బంధుత్వమునుగూర్చి వ్రాసిన మాట, వివాదము పుట్టకమునుపు వ్రాసినదైనచో, ఆ బంధుత్వము నెఱుగుటకు వారికి ప్రత్యేకావకాశ మున్నచో, స్వీకరింపదగినది. 2024లో ఆ చట్టము స్థానమున క్రొత్తచట్టము వచ్చినను ఈ సూత్రము నిలిచియున్నది. అదే చట్టములోని మఱొక సూత్రము ప్రవాసకుటుంబములకు విపరీతమైనది. ఏడేండ్లు ఎవ్వరికిని అయిపు తెలియనివానిని, బ్రతికియున్నాడని చెప్పువాడే ఆ సంగతిని ఋజువు చేయవలెను. జాబులు నిలిచిపోయిన ఖైదీ ఊర మృతుడైనట్లు భావింపబడి, పొలము పంపకమై, దీవిలో మాత్రము రెండవ సంసారముతో జీవించియుండుట అసంభవము కాదు.

సంపన్నుల వివాదములతో దీనిని పోల్చిచూచిన భేదము తెలియును. పిఠాపురము రాజగు గంగాధర రామారావు 1873లో ఒకరిని దత్తత చేసికొనెను. 1885లో సూర్యారావు బహద్దూరు జన్మించెను. 1890లో రాజు గతింపగా దత్తపుత్రుడు ఆ బాలుని జన్మమునే ఆక్షేపించి దావా నడపెను. 1899లో ప్రీవీ కౌన్సిలు రాజుగారి మరణశాసనము చెల్లునని తీర్పుచెప్పెను. సూర్యరాయాంధ్ర నిఘంటువునకు పోషకుడైన మహారాజే ఆ బాలుడు. అక్కడ లండను వరకు పోవుటకు ధనము, అచ్చైన కాగితములు ఉండెను. అండమాను రైతునకు వాని నేలకు ప్రభుత్వమిచ్చిన అనుమతిపత్రమే యున్నది.

కాగితములున్నను పేరు మోసగింపవచ్చును. సుప్రసిద్ధ పండితుడు ఫజ్లె హఖ్ ఖైరాబాదీ 1859లో లక్నోలో విచారింపబడి దీవులకు పంపబడెను. తన్ను అదే పేరుగల మఱొకనిగా పొరబడిరని ఆయన వాదించెను. వాదన నెగ్గలేదు. 1861 ఆగస్టులో అండమానులోనే మరణించెను. తిరుగుబాటునాటి ఫత్వాపై ఆయన సంతకము చేసెనన్న సంప్రదాయకథను ఇంతియాజ్ అలీ అర్షీ, మాలిక్ రామ్ పాతపత్రముల నాధారముచేసికొని ప్రశ్నించిరి. దానికి ప్రతివాదములు వచ్చినవి. ఆయన దౌహిత్రుడే ముజ్తర్ ఖైరాబాదీ. ముజ్తర్ కుమారుడు జాన్ నిసార్ అఖ్తర్, ఆయన కుమారుడు జావేద్ అఖ్తర్. కవులవంశము గనుక ఈ పరంపర చెదరలేదు. అంత గొప్ప పండితుని విషయమునందే ఇంత కలవరమైనచో, తండ్రిపేరు తప్ప వేరు గుర్తులేని రామన్నల గతి యేమి?

1942 మార్చిలో జపానుసేనలు దీవుల నాక్రమించి 1945 అక్టోబరు వరకు నిలిచెను. ఆ కాలమున స్థానిక దస్త్రములు చాలవరకు నశించినవి. విచిత్రమేమనగా, తరువాత ప్రభుత్వమువారు వెనుకబడిన తరగతుల జాబితాలో లోకల్ బారన్ సమాజమును చేర్చినప్పుడు 1942నే హద్దుగా పెట్టిరి. ఆ యేటికి పూర్వమే పూర్వులు దీవిలో నుండిరని చూపవలెను. ఏ కాగితములు పోయినవో అవే అడుగబడుచున్నవి. తొలి దీవివాసి పెంపుడుకొడుకు సంతానమా, స్వంతకొడుకు సంతానమా అను ప్రశ్న బంధువులలో తలయెత్తినచో చిక్కు మఱింత.

అయినను అన్నియు పోలేదు. హోముశాఖలో పోర్టుబ్లెయిరు వ్యవహారముల సంపుటములు కొత్తఢిల్లీ జాతీయ అభిలేఖాగారములో కలవు. లండనులో ఇండియా ఆఫీసు పత్రములు కలవు. చెన్నపట్టణపు అభిలేఖాగారములో మదరాసు ప్రభుత్వపు న్యాయశాఖ దస్త్రములున్నవి. వీనిలో ఒక పేరు దొరికినను, అది మన రామన్నదేనని తేల్చునది ఊరివైపు కాగితమే. గ్రామములలో 1984లో కరణీకములు రద్దయినప్పుడు కొన్ని లెక్కలు తాలూకా కచ్చేరీలకు చేరినవి. కొన్ని కరణముల యిండ్లలోనే మిగిలిపోయినవి. ఉత్తరాంధ్రమున ఏ భోషాణములోనైన, దీవిముద్ర గల పాతజాబు కనబడినవారు, దానిని పొయ్యిలో వేయక, ముందుగా నమస్కారముల వరుస చదివిచూడవలెనని మనవి.