ఆస్పత్రిలో సోకే ఇన్ఫెక్షన్.. పసికందులకు మందులెందుకు పనిచేయట్లేదు?

ఆస్పత్రిలో చేరిన 48 గంటల తర్వాత బయటపడే ఇన్ఫెక్షన్‌ను సాధారణంగా అక్కడే సోకినదిగా లెక్కిస్తారు. వెంటిలేటర్, సెలైన్ గొట్టాలు, సరిగ్గా కడగని చేతులు.. క్రిములకు దారులు ఇవే. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు ముప్పు మరీ ఎక్కువ.

2011-14 మధ్య ఢిల్లీలోని 3 పెద్ద ఆస్పత్రుల్లో నవజాత శిశువులపై ఓ అధ్యయనం జరిగింది. రక్తంలో ఎక్కువగా దొరికిన క్రిమి అసినెటోబాక్టర్. అందులో 82 శాతం పలు రకాల యాంటీబయాటిక్స్‌కు లొంగనివే! పైగా చాలామందికి పుట్టిన 72 గంటల్లోపే ఇన్ఫెక్షన్ కనిపించింది. అంటే పుట్టిన బిడ్డల విషయంలో 48 గంటల లెక్క పెద్దగా పనికిరాదన్నమాట.

అనుమానం రాగానే యాంటీబయాటిక్ మొదలుపెట్టక తప్పదు. కానీ వీలైతే మొదటి డోసుకు ముందే రక్తం తీసి కల్చర్‌కు పంపాలి. క్రిమి లేదని తేలి, బిడ్డ బాగుంటే డాక్టర్లే మందు ఆపేస్తారు. 'కల్చర్ పంపారా?' అని తల్లిదండ్రులు అడగడంలో తప్పేం లేదు.