భారత మహిళల ఫుట్‌బాల్: ఆడిన మ్యాచ్‌లు, ఆడని ఏళ్ళు

1980 జనవరిలో కోళికోడ్‌లో జరిగిన ఆసియా మహిళల ఫుట్‌బాల్ పోటీల ఫైనల్లో భారత్ 0-2తో చైనీస్ తైపీ చేతిలో ఓడింది. మరుసటి ఏడాది హాంకాంగ్‌లో మూడో స్థానంలో నిలిచింది. 1983లో బ్యాంకాక్‌లో మళ్ళీ ఫైనల్ చేరి, 0-3తో థాయ్‌లాండ్‌కు తలవంచింది. ఈ కాలాన్ని స్వర్ణయుగమనడం పరిపాటి. ఆ మాటను ఆచితూచి వాడాలి. అప్పటికి చైనా ఈ పోటీల్లో అడుగే పెట్టలేదు. 1986లో తొలిసారి వచ్చి, వచ్చిన ఏడే విజేతగా నిలిచింది. ఉత్తర కొరియా రాక ఇంకా తర్వాతి మాట.

అలాగని ఆ జట్టును తక్కువ చేస్తే అన్యాయమవుతుంది. ఆనాటి మహిళల ఆటను నడిపింది అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య కాదు. 1975లో విడిగా ఏర్పడిన భారత మహిళల ఫుట్‌బాల్ సమాఖ్య. ఆసియా స్థాయిలోనూ అంతే, మహిళల పోటీలకు వేరే సంఘం ఉండేది. 1983లో బెంగాల్ క్రీడాకారిణి శాంతి మల్లిక్‌కు అర్జున అవార్డు దక్కింది. ఆ పురస్కారం పొందిన తొలి మహిళా ఫుట్‌బాలర్ ఆమె. రెండో పేరు చేరేసరికి 2017 వచ్చింది. ఆ పేరు మణిపూర్‌కు చెందిన ఒయినం బెంబెం దేవిది. ఇద్దరి మధ్య ముప్పై నాలుగేళ్ళు గడిచాయి. ఈ జట్టు చరిత్రను అర్థం చేసుకోవడానికి స్కోర్ల పట్టికకన్నా ఇలాంటి ఖాళీలే ఎక్కువ పనికొస్తాయని నా అభిప్రాయం.

వాటిలో మొదటిది 1983 తర్వాతి ఖాళీ. 1986లో ఆసియా మహిళల సంఘం ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్యలో కలిసిపోయింది. ఇక్కడ మాత్రం మహిళల ఆట 1990ల ఆరంభం దాకా ప్రధాన సమాఖ్య గొడుగు కిందికి రాలేదు. ఈలోగా 1991లో చైనాలో మొదటి మహిళల ప్రపంచ కప్ జరిగింది. ఆ ఏటి ఆసియా ఛాంపియన్‌షిప్పే దానికి అర్హత పోటీ. అందులో భారత్ లేదు. ప్రపంచ మహిళల ఫుట్‌బాల్‌కు పునాదులు పడుతున్న ఆ సమయాన ఎనిమిదేళ్ళ కిందటి ఫైనలిస్టు మైదానం బయటే ఉండిపోయింది. ఆ నష్టం ఎంతటిదో 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో తేలింది. చైనా 16-0తో గెలిచింది. భారత్‌కు నేటికీ అదే అతి పెద్ద ఓటమి.

2003 తర్వాత 2022 దాకా ఆసియా కప్ (ఆ ఆసియా ఛాంపియన్‌షిప్పే) ప్రధాన పోటీలకు భారత్ మళ్ళీ చేరలేకపోయింది. చాలాకాలం మ్యాచ్‌లే ఆడకపోవడంతో 2009లో ఫిఫా తన ర్యాంకుల జాబితా నుంచి ఈ జట్టును తొలగించింది కూడా.

2010లో దక్షిణాసియా దేశాల శాఫ్ ఛాంపియన్‌షిప్ మొదలవగానే విజయాల వరుస కనిపిస్తుంది. కాక్స్ బజార్, కొలంబో, ఇస్లామాబాద్, సిలిగురి, బిరాట్‌నగర్: వరుసగా అయిదు టైటిళ్ళూ మనవే. కాని ఈ గెలుపులు అసలు లోటును కప్పిపుచ్చాయి. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల ఫలితాలు చూస్తే చాలు. మాల్దీవులపై 15-0 విజయం. తర్వాత దక్షిణ కొరియా చేతిలో 0-10, థాయ్‌లాండ్ చేతిలో మళ్ళీ 0-10. ఇరుగుపొరుగుపై గెలిచినంత సులువుగా ఆసియాలోని పెద్ద జట్ల ముందు ఓడిపోయాం. 2022లో కాఠ్‌మాండూలో జరిగిన శాఫ్ పోటీల్లో ఆ ఇరుగుపొరుగు కూడా ఎదిగిందని తెలిసింది. బంగ్లాదేశ్ 3-0తో ఓడించింది, సెమీఫైనల్లో నేపాల్ ఇంటికి పంపింది.

ఈ మధ్యలో పరిస్థితి కొంత మారింది. 2016-17లో జాతీయ మహిళల లీగ్ మొదలైంది. తొలి విజేత మణిపూర్ జట్టు ఈస్టర్న్ స్పోర్టింగ్ యూనియన్. 2020లో భారత క్రీడాకారిణి బాలా దేవి స్కాట్లాండ్‌లో రేంజర్స్ క్లబ్‌కు ఆడేందుకు వెళ్ళింది. 2021 నవంబరులో బ్రెజిల్ చేతిలో 1-6తో ఓడినా, ఆ ఒక్క గోల్ మనీషా కల్యాణ్‌ది.

2022 జనవరిలో ఆసియా కప్‌కు భారతే ఆతిథ్యమిచ్చింది. నవీ ముంబైలో ఇరాన్‌తో మ్యాచ్ 0-0గా ముగిసింది. ఆ తర్వాత జట్టులో కొవిడ్ ప్రబలింది. చైనీస్ తైపీతో ఆడటానికి చాలినంతమంది మిగల్లేదు. నిబంధనల ప్రకారం భారత్ పోటీ నుంచి తప్పుకున్నట్టే లెక్కగట్టి, ఇరాన్ మ్యాచ్‌ను కూడా రికార్డుల నుంచి కొట్టేశారు. పంతొమ్మిదేళ్ళ తర్వాత దొరికిన అవకాశం ఒక్క ఫలితమైనా మిగల్చకుండా పోయింది. ఆ ఆటగత్తెల పట్ల ఇంతకన్నా క్రూరమైన పరిణామం ఈ చరిత్రలో నాకు కనబడదు.

అందుకే 2025 జూన్, జూలైల్లో థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయిలో జరిగిన అర్హత పోటీలకు అంత ప్రాధాన్యం. కోచ్ క్రిస్పిన్ ఛెత్రీ. మంగోలియాపై 13-0, తిమోర్-లెస్తేపై 4-0, ఇరాక్‌పై 5-0. ఆ జట్టులో నిజామాబాద్ జిల్లా లంబాడా బిడ్డ గుగులోతు సౌమ్య ఉంది. అంతకుముందు క్రొయేషియాలోని దినామో జాగ్రెబ్‌కు ఆడి వచ్చిన అమ్మాయి. మిగిలింది ఆతిథ్య జట్టు. థాయ్‌లాండ్ 2015లో, 2019లో ప్రపంచ కప్ ఆడింది. గ్రూపులో ఒక్కరికే చోటు. జూలై 5న మిడ్‌ఫీల్డర్ సంగీతా బాస్ఫోర్ మొదటి గోల్ కొట్టింది. విరామం తర్వాత థాయ్‌లాండ్ స్కోరు సమం చేసింది. 74వ నిమిషంలో సంగీతే రెండో గోల్ కూడా చేసింది. 2-1తో భారత్ 2026 ఆస్ట్రేలియా ఆసియా కప్‌కు చేరింది. ఆతిథ్య హక్కుతో కాక అర్హత పోటీల్లో గెలిచి ఈ జట్టు అక్కడికి చేరడం అదే మొదటిసారి.